ఖర్జూర తోటలో పెళ్లిపెద్ద

బహ్రెయిన్ ఖర్జూర తోటమాలిది ఉత్త కూలిపని అనుకోవడం అన్యాయం. ఖర్జూరంలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. పూతకాలంలో అతడు తాడు సాయంతో చెట్టెక్కి, మగపూల రెమ్మలను ఆడగెలల్లో దోపుతాడు. ఈ పెళ్లి గాలి చేయదా అంటే, చేస్తుంది. అడవి ఖర్జూరానికి ప్రధానంగా గాలే దిక్కు. కానీ గాలినే నమ్ముకుంటే కాపులేని మగచెట్లకు బోలెడు చోటూ నీరూ ధారపోయాలి. మనిషి చెయ్యి పడితే ఒక్క మగచెట్టు సుమారు 50 ఆడచెట్లకు సరిపోతుంది. నీటి ఎద్దడి ఉన్న దీవిలో ఇది చిన్న లెక్క కాదు.

దీన్ని సహపరిణామం అనవచ్చా? మేడిచెట్టూ దాని పండులో పుట్టే చిన్న కందిరీగా ఒకదాన్నొకటి మలుచుకున్నాయి. ఇక్కడ మనిషి శరీరమేమీ మారలేదు కదా అన్న అభ్యంతరం సబబే. అయితే చెట్టు మారింది: అడవి జాతికన్నా పండు పెద్దది, కండ ఎక్కువ. మంచి చెట్టు పిలకలనే ఏరి నాటిన ఫలితమది. మనిషివైపు మారింది విద్య. ఏ గెల ఎప్పుడు విచ్చుతుందో, రెమ్మ ఎప్పుడు దోపాలో పుట్టుకతో రాదు, పక్కన నిలబడి నేర్చుకోవాలి. పండు కోశాక చేసే పనికీ గుర్తులున్నాయి: బహ్రెయిన్‌లోని కలాత్ అల్ బహ్రెయిన్ కోటలో ఖర్జూరపు పాకం కారడానికి గాడులు కట్టిన గదులు నేటికీ ఉన్నాయి. ఖర్జూరం చుట్టూ అల్లుకున్న ఈ విద్యలను 2019లో యునెస్కో, బహ్రెయిన్‌తో కలిపి 14 దేశాల ఉమ్మడి వారసత్వంగా నమోదు చేసింది.