పాట ఆగాక చదవాల్సిన రాత

ఏడంగుళాల రికార్డును దీపం కింద కాస్త వాల్చి పట్టుకుంటే, చివరి గాడికీ మధ్యనున్న లేబుల్‌కీ నడుమ నున్నటి వలయం ఒకటి కనిపిస్తుంది. అక్కడ పాట ఉండదు. దాన్ని డెడ్ వ్యాక్స్ అంటారు. అందులో సూదితో గీకినట్టో, ముద్ర కొట్టినట్టో కొన్ని అంకెలు, అక్షరాలు ఉంటాయి. పాత అమెరికన్ సింగిల్స్ సేకరించేవాళ్లు ముల్లు పెట్టకముందే ఆ రాత చదువుతారు. ‘టి4కెఎం’ అని మొదలైతే, అది ఆర్‌సీఏ కంపెనీ బయటివాళ్ల దగ్గర డబ్బు తీసుకుని వేసిపెట్టిన రికార్డు. మొదటి అక్షరం ‘టి’ అంటే 1966, ‘ఎస్’ అయితే 1965. చిన్న త్రిభుజం, పక్కన ఒక సంఖ్య ఉంటే లాస్ ఏంజెలస్‌లోని మోనార్క్ ఫ్యాక్టరీ సరుకు. ఆ సంఖ్యలు వరసగా పెరుగుతూ పోయాయి కాబట్టి రికార్డు ఎప్పుడు తయారైందో దగ్గర దగ్గరగా లెక్క కట్టొచ్చు. సిన్సినాటిలోని రైట్ రికార్డ్స్ వేసినదైతే, ఆర్డరిచ్చిన ఖాతాదారు నంబరు కూడా దొరుకుతుంది.

ఈ గీతల మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే, ఈ రికార్డుల్లో చాలావాటికి వేరే సాక్ష్యం లేదు. కంపెనీ ఎన్నడో మూతపడింది. మాస్టర్ టేపు చెరిపేశారో, పారేశారో. పాడినవాళ్ల పేరు ఏ పత్రికలోనూ రాలేదు. నలభై గ్రాముల ఆ బిళ్ల ఒక్కటే మిగిలింది. అందుకే ఈ సేకరణకు డబ్బుకన్నా ముందు చదువు కావాలి.

నిమిషానికి 45 సార్లు తిరిగే ఈ రికార్డును ఆర్‌సీఏ విక్టర్ 1949లో తెచ్చింది. పక్కకో పాట, పాటకి రెండు మూడు నిమిషాలు. ధర తక్కువ. 1964 ఫిబ్రవరి 9న ఎడ్ సలివన్ టీవీ షోలో బీటిల్స్ పాడుతుంటే అమెరికాలో ఏడు కోట్ల మందికి పైగా చూశారు. ఆ తర్వాత రెండు మూడేళ్లు అక్కడి హైస్కూలు పిల్లలు ఊరూరా బ్యాండ్లు కట్టారు. ఇంటి కారు షెడ్డులో, అంటే గరాజ్‌లో, సాధన, తలా కొన్ని డాలర్లు చందా, ఊళ్లో ఉన్న స్టూడియోలో గంటో రెండు గంటలో, తర్వాత ఓ ఐదొందల కాపీలు. వాటిని స్కూలు డాన్సుల్లో అమ్ముకునేవాళ్లు, రెండు మూడు పట్టుకెళ్లి స్థానిక రేడియోవాళ్లకి ఇచ్చేవాళ్లు. గిబ్సన్ కంపెనీ 1962లో తెచ్చిన మేస్ట్రో ఫజ్ టోన్ పెట్టె గిటారు స్వరాన్ని గరగరలాడించేది. ఫార్ఫిసా ఆర్గన్ పైనుంచి సన్నగా కీచుమనేది. తప్పు దొర్లినా మళ్లీ రికార్డు చేసుకునే డబ్బు లేదు. ఆ తొందర, ఆ బెరుకు, పదహారేళ్ల వయసుకుండే ఆ ధీమా అన్నీ గాడిలో అలాగే ఉండిపోయాయి. గరాజ్ సింగిల్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది అదే. పెద్ద స్టూడియోలో ఎన్ని రోజులు కష్టపడినా అది రాదు.

మిషిగన్‌లో మెక్సికన్ కుటుంబాల కుర్రాళ్ల బ్యాండు క్వశ్చన్‌ మార్క్ అండ్ ద మిస్టీరియన్స్ ‘96 టియర్స్’ని మొదట పా-గో-గో అనే చిన్న లేబుల్ మీద తెచ్చింది. క్యామియో కంపెనీ దాన్ని తీసుకుని దేశమంతా అమ్మింది, 1966 అక్టోబరులో అది మొదటి స్థానానికి చేరింది. అలాంటి అదృష్టం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే దక్కింది. మిగతావాళ్లు కాలేజీలకు పోయారు, కొందరికి వియత్నాం యుద్ధానికి పిలుపొచ్చింది. అమ్ముడుపోని పెట్టెలు మంచాల కిందకి చేరాయి.

నల్లజాతి గాయకుల సోల్ సంగీతానిదీ ఇదే కథ, అయితే అక్కడ వాద్యకారులు ఆరితేరినవాళ్లు. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ విజయం చూసి చుట్టూ చిన్న లేబుళ్లు పుట్టుకొచ్చాయి. రిక్-టిక్, గోల్డెన్ వరల్డ్ లేబుళ్లకు మోటౌన్ జీతగాళ్లే చాటుగా వచ్చి వాయించి వెళ్లేవాళ్లు. పాట ఎంత గొప్పదైనా రేడియో పట్టించుకోకపోతే పక్షం రోజుల్లో దాని ఆయుష్షు తీరేది. వెనక్కొచ్చిన స్టాకుకి లేబుల్ మీద చిన్న రంధ్రం పొడిచి, హోల్‌సేల్‌గా కారుచవకకి వదిలించుకునేవాళ్లు. ఆ రంధ్రమున్న రికార్డులు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

గరాజ్ సింగిల్స్‌ను మొదట ఆదరంగా ఏరి కూర్చినవాడు లెన్నీ కే. 1972లో ఎలెక్ట్రా కంపెనీ వేసిన ‘నగ్గెట్స్’ అనే రెండు ఎల్పీల సంకలనంలో 27 పాటలు పెట్టి, వాటి వెనక కథలు రాశాడు. తర్వాత వచ్చిన ‘పెబుల్స్’, ‘బ్యాక్ ఫ్రమ్ ద గ్రేవ్’ వరసలు ఇంకా లోతుకి తవ్వి, సొంత ఊరు దాటని పాటల్ని పట్టుకొచ్చాయి.

సోల్ సింగిల్స్‌కి రెండో జన్మ ఇచ్చింది ఉత్తర ఇంగ్లండ్ మిల్లుల ఊళ్లు. లండన్‌లో రికార్డు షాపు నడిపిన డేవ్ గాడిన్ 1970లో ‘బ్లూస్ అండ్ సోల్’ పత్రికలో ఆ అభిరుచికి నార్తర్న్ సోల్ అని పేరు పెట్టాడు. కొత్తగా వస్తున్న ఫంక్ ఆ శ్రామికుల పిల్లలకి నచ్చలేదు. 1960ల నడిమికాలపు వేగమైన డెట్రాయిట్ దరువే కావాలి వాళ్లకి. 1973 సెప్టెంబరులో మొదలైన విగన్ క్యాసినోలో రాత్రంతా డాన్సులు. ఎవరూ వినని మంచి పాట ఎవరి దగ్గరుంటే ఆ డీజేకే జనం. అందుకని డీజేలు అమెరికా గోదాముల్లో దుమ్ము దులిపి వెతికారు. గ్లోరియా జోన్స్ పాడగా 1965లో వచ్చిన ‘టెయింటెడ్ లవ్’ ఒక సింగిల్‌కి వెనకవైపు పాట. రిచర్డ్ సెర్లింగ్ అనే డీజే 1973లో ఫిలడెల్ఫియాలో దాన్ని కొని తెచ్చి ఇంగ్లండ్‌లో వేశాడు. డాన్సు హాళ్లలో అది పాకింది. 1981లో సాఫ్ట్ సెల్ దాన్నే మళ్లీ పాడి బ్రిటన్‌లో మొదటి స్థానానికి తీసుకెళ్లింది. ఎవరూ ఖాతరు చేయని రెండో వైపుని కూడా తిప్పి వినాలని సేకర్తలు పట్టుబట్టేది ఇలాంటి పాటల వల్లే.

ఇదే చోట నాకు నచ్చని పద్ధతి కూడా ఉంది. దొరికిన పాట పోటీవాడికి తెలియకూడదని డీజేలు అసలు లేబుల్ మీద కాగితం అంటించి, గాయకుడికి దొంగపేరు పెట్టేవాళ్లు. అంతకుముందు జమైకాలో సౌండ్ సిస్టమ్‌లతో డాన్సులు నడిపినవాళ్లు లేబుళ్లు గీకేసినట్టే ఇదీ. మోటౌన్‌లో పనిచేసిన ఫ్రాంక్ విల్సన్ 1965లో పాడిన ‘డూ ఐ లవ్ యూ’ సింగిల్‌ని విడుదలకి ముందే ఆపేసి, కాపీల్ని చాలావరకు నాశనం చేశారు. మిగిలిన ఒకటి రెండిట్లో ఒకటి ఇంగ్లండ్ చేరింది. అక్కడ జనం అది ఎడ్డీ ఫాస్టర్ పాట అనుకునే ఆడారు. అసలు కాపీ ఒకటి 2009లో పాతికవేల పౌండ్లు దాటింది, 2020లో లక్ష పౌండ్లకి అమ్ముడైంది. ఆ ధర గురించి అందరూ రాస్తారు. నన్ను కలవరపెట్టేది ఆ దొంగపేరు. పాటని బతికించిన చేతులే పాడినవాడిని చెరిపేశాయి. పోటీ ఎంతున్నా దాన్ని సమర్థించలేను.

ఇక చేతిపని సంగతి. మొదట చూడాల్సింది రికార్డు దేంతో చేశారన్నది. అమెరికన్ సింగిల్స్‌లో సగటు మనిషి వినైల్ అనుకునేవి చాలా పాలిస్టైరీన్‌వి. వేలి గోటితో అంచుని మెల్లగా తడితే వినైల్ మొద్దుగా పలుకుతుంది, స్టైరీన్ గాజుకి దగ్గరగా టకటకమంటుంది. వినైల్ కాస్త వంగుతుంది, స్టైరీన్ వంచితే విరుగుతుంది. చూపుకి అద్దంలా మెరుస్తున్నా, అరిగిన ముల్లు తిరిగి ఉంటే స్టైరీన్ గాడి లోపల పాడైపోయి బుసకొడుతుంది. డీజేలు పాట మొదలుని వెనక్కీ ముందుకీ తిప్పి సరిచూసుకునేవాళ్లు కనుక మొదటి కొన్ని సెకన్లు కాలినట్టు గరగరమంటాయి. అందుకే కళ్లతో ఇచ్చిన గ్రేడుని నమ్మకూడదు, చెవితో తేల్చుకోవాలి. మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్ అంటూ అమ్మేవాడు చెప్పే మాటల్లో ‘గుడ్’ అంటే బాగుందని మురిసిపోవద్దు. అది బాగా అరిగిందని అర్థం.

నకిలీలు పట్టడంలోనూ ఇదే చదువు పనికొస్తుంది. అసలుది స్టైరీన్ మీద మాత్రమే వచ్చిన పాట వినైల్ మీద కనబడితే అది తర్వాత ఎవరో దొంగతనంగా వేసుకున్నది. అసలు దాంట్లో ముద్ర కొట్టిన నంబరు, దీంట్లో చేత్తో గీకి ఉంటుంది. లేబుల్ మీద అక్షరాల అంచులు ఫొటో తీసి అచ్చేసినట్టు పలచగా అలికినట్టుంటాయి. అసలుదాన్ని ఒక్కసారైనా పట్టుకుని చూసిన కంటికి ఇది ఇట్టే తెలుస్తుంది, చూడని కంటికి ఎంత చెప్పినా తెలియదు.

ఫంక్ సింగిల్స్ వేటగాళ్ల దగ్గర నేను ఎక్కువ గౌరవించే మలుపు వచ్చింది. 1999లో డీజే షాడో, కట్ కెమిస్ట్ కలిసి పూర్తిగా 45లతో చేసిన ‘బ్రెయిన్‌ఫ్రీజ్’ తర్వాత కుర్రాళ్లు వీటికోసం ఎగబడ్డారు. ఇండియానాపోలిస్‌లోని హైలైటర్స్ బ్యాండు పాట పేరునే పెట్టుకుని 2001లో స్టోన్స్ త్రో కంపెనీ ‘ద ఫంకీ 16 కార్నర్స్’ సంకలనం తెచ్చింది. 2003లో షికాగోలో మొదలైన న్యూమరో గ్రూప్ తన మొదటి సంకలనాన్నే ఒహైయోలోని క్యాప్‌సోల్ అనే మరుగునపడ్డ లేబుల్‌కి కేటాయించింది. నేను గౌరవించే ఆ మలుపు ఇదే: లేబుల్ మీది పాటల రచయిత పేరు, ప్రచురణ సంస్థ పేరు, ఊరి పేరు పట్టుకుని టెలిఫోన్ డైరెక్టరీలు తిరగేసి, ముసలివాళ్లైన గాయకుల తలుపు తట్టడం, ఒప్పందం రాసుకోవడం, ఫొటోలు, జ్ఞాపకాలు సేకరించి సంకలనంతో పాటు అచ్చేయడం. ఇది జరగనిచోట ఏమవుతుందో ‘ఆమెన్, బ్రదర్’ చెబుతుంది. విన్‌స్టన్స్ బ్యాండు 1969లో ఒక సింగిల్ వెనకవైపు వేసిన ఆ వాద్యగీతంలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆరేడు సెకన్ల డ్రమ్ముల ముక్క తర్వాత వేలకొద్దీ పాటల్లోకి వెళ్లింది. కోల్‌మన్‌కి పైసా రాలేదు. 2006లో ఇల్లూవాకిలీ లేని స్థితిలో పోయాడు.

మన సంగతికొస్తే, సిమ్లా సిగరెట్ల పేరిట నడిచిన పోటీల నుంచి 1970, 71లో వచ్చిన ‘సిమ్లా బీట్’ ఎల్పీల్లో మద్రాసు, బొంబాయి, కలకత్తా కుర్రాళ్ల గరాజ్ బ్యాండ్లున్నాయి. వాటికోసం విదేశీ సేకర్తలు నేటికీ వెతుకుతున్నారు. తెలుగు సినిమా పాటలు కూడా ఇదే ఏడంగుళాల 45ల మీద, ఈపీలుగా, కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. వాటి మీద సంగీత దర్శకుడు, గాయకులు, కవి పేర్లుంటాయి. గిటారు, డ్రమ్ములు, అకార్డియన్ వాయించినవాళ్ల పేర్లు ఉండవు. మోటౌన్ స్టూడియో వాద్యకారుల పేర్లు కూడా 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఎల్పీ దాకా అచ్చులోకి రాలేదు. డెట్రాయిట్‌లో ఆ పేర్లు ఇప్పుడు ఒక్కొక్కటిగా తెలుస్తున్నాయంటే, ఒక్కో రికార్డునీ పట్టుకుని బతికున్నవాళ్లని అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి. మద్రాసు స్టూడియోల్లో వాయించినవాళ్లకి ఏ పాటలో ఏ ముక్క ఎవరిదో గుర్తుంటుంది. హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులోనో, అటక మీదనో తెలుగు ఈపీ ఒకటి దొరికితే రెండు వైపులా లేబులూ, డెడ్ వ్యాక్స్‌లోని నంబరూ, అట్ట వెనకవైపూ ఫొటో తీసి, ఆ పాట వినిపిస్తూ వాళ్లని అడిగి పేర్లు రాసుకోవాలి. అడగడానికి ఉన్నవాళ్లంతా పెద్ద వయసువాళ్లు.