ఖాళీ వదిలిన అడ్రసు

క్రోమ్ అడ్రస్ బార్‌లో 'వి' అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, 'పాచిపెంట' అని రాసి ఎంటర్ నొక్కితే చాలు. గూగుల్ గుమ్మం తొక్కకుండానే తెలుగు వికీపీడియాలో ఆ ఊరి పేజీ తెరుచుకుంటుంది. అలా తెరుచుకునేలా ముందొకసారి సెట్టింగ్స్‌లో చెప్పుకోవాలంతే. ఇంకో అక్షరానికి షికాగో విశ్వవిద్యాలయం సైట్లో ఉన్న బ్రౌన్ నిఘంటువును, మరో అక్షరానికి విక్షనరీని తగిలించుకోవచ్చు. అలవాటు పడ్డవాళ్ల దగ్గర ఇలాంటివి పాతికకు తక్కువ ఉండవు. చిక్కంతా మిషను మారినప్పుడే. పాచిపెంట ఇంట్లో విండోస్ డెస్క్‌టాప్ మీద ఇవన్నీ కూర్చుకున్న కుర్రాడు చదువుకని విజయనగరం వెళ్లి, అక్కడ ఉబుంటు ముందు కూర్చున్నాడనుకోండి. తనవన్నీ వెంట తెచ్చుకోవడమెలా?

తెచ్చుకోవలసిన సరుకు ఎంతో ముందు చూడాలి. వికీపీడియా అడ్రసు, చివర 'సెర్చ్' అన్న మాట, ఈజ్ ఈక్వల్ టు గుర్తు, ఆ తర్వాత ఒక ఖాళీ. అంతే. ఖాళీకి ఆనవాలుగా తెర మీద కనిపించేది శాతం గుర్తు, దాని పక్కన ఎస్ అక్షరం. క్రోమ్ లోపల దాచుకునేటప్పుడు అదే చోట ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య 'సెర్చ్‌టెర్మ్స్' అని రాసుకుంటుంది. ఈ మొత్తంలో సి డ్రైవ్ ఊసు గాని, హోమ్ ఫోల్డర్ ఊసు గాని లేదు. ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌తోనూ దీనికి బంధుత్వం లేదు. పాచిపెంట దాటి పి.కోనవలస ఘాట్ ఎక్కి పోతే ఒడిశా. ఒడియా వికీపీడియా కావాలంటే ఈ అడ్రసులో మార్చాల్సింది మొదటి రెండక్షరాలే.

ఆ ఖాళీలో పడ్డ మాటకు ఏమవుతుందో చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. 'పాచిపెంట'లో మన కంటికి నాలుగు అక్షరాలే అయినా, గుణింతపు గుర్తులు, సున్నా విడివిడిగా లెక్కపెడితే యూనికోడ్‌లో ఎనిమిది గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, వెరసి 24. అడ్రసులో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడేసి అక్షరాలుగా మారుతుంది కాబట్టి సర్వరుకు చేరేది 72 అక్షరాల దండ. విండోస్ నుంచి పంపినా, మ్యాక్ నుంచి పంపినా, లినక్స్ నుంచి పంపినా అవే 72, అదే వరసలో. సవర భాషకు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. దాని గుర్తుకు 4 బైట్లు పడతాయి, దండ పొడుగవుతుంది, ఖాళీ మాత్రం అదే. సాలూరు లారీకి ఎక్కిన సరుకేమిటో పట్టనట్టే, ఈ ఖాళీకి భాష పట్టదు.

ఈ ఖాళీ వదిలిన అడ్రసు వంశం కాస్త తమాషాగా ఉంటుంది. 1998లో ఆపిల్ మ్యాక్ ఓఎస్ 8.5తో షెర్లాక్ అనే వెతుకులాట పనిముట్టు ఇచ్చింది. దాని ప్లగిన్లు మామూలు టెక్స్ట్ ఫైళ్లే కావడంతో మొజిల్లా వాళ్లు ఆ పద్ధతినే తమ బ్రౌజర్‌లోకి తీసుకున్నారు. మ్యాక్ కోసం పుట్టినవి విండోస్‌లోకీ, లినక్స్‌లోకీ అలా వచ్చాయి. ఆ ఫైళ్లు పోగుచేసిన ప్రాజెక్టుకు షెర్లాక్ హోమ్స్ అన్నగారి పేరు, మైక్రాఫ్ట్ అని పెట్టారు. 2005లో అమెజాన్ అనుబంధ సంస్థ ఏ9 ఓపెన్‌సెర్చ్ ప్రమాణాన్ని తెచ్చింది. 2006లో ఫైర్‌ఫాక్స్ 2, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 రెండూ దాన్ని అందుకున్నాయి. ఖాళీలో పడే మాటను ఏ ఎన్‌కోడింగ్‌లో పంపాలో చెప్పే చోటు కూడా అందులో ఉంది. ఒక్కో తెలుగు పత్రిక ఒక్కో సొంత ఫాంటుతో నడిచిన రోజులు చూసినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

క్రోమ్ తన సెర్చ్ ఇంజన్లన్నిటినీ, అంటే ఈ ఖాళీ వదిలిన అడ్రసులను, 'వెబ్ డేటా' అనే ఫైల్లో పెడుతుంది. అది ఎస్‌క్యూలైట్ డేటాబేస్. ఫైలుండే దారి విండోస్‌లో ఒకటి, లినక్స్‌లో ఒకటి, మ్యాక్‌లో ఒకటి. లోపలి కట్టుబడి మాత్రం ఒకటే, ఎందుకంటే ఎస్‌క్యూలైట్ ఫైలును ఏ ప్రాసెసర్ మీద రాసినా ఏ ప్రాసెసర్ మీదైనా చదవొచ్చు. 'కీవర్డ్స్' అనే పట్టికలో ఇంజనుకు ఒక వరస: పేరు, పొట్టి అక్షరం, అడ్రసు. బ్రౌజర్‌తో పుట్టినవాటికి ఒక సంఖ్య ఉంటుంది, మనం చేర్చుకున్నవాటికి అక్కడ సున్నా. అదే ప్రొఫైల్లో దాచిన పాస్‌వర్డులకు విండోస్‌లో యూజర్ ఖాతాతో, మ్యాక్‌లో కీచెయిన్‌తో తాళం పడుతుంది. ఆ పాస్‌వర్డుల ఫైలు ఎత్తుకెళ్లి మరో సిస్టమ్‌లో పెడితే పనికిరాదు. సెర్చ్ అడ్రసులేమో చదవగలిగే అక్షరాల్లోనే ఉంటాయి. ఏది కదలాలి, ఏది కదలకూడదు అన్న వివేకం ఇక్కడుంది.

ఫైర్‌ఫాక్స్ మరీ పట్టింపు మనిషి. దాని ఇంజన్ల జాబితా ఎల్‌జడ్4తో కుదించిన జేసన్ ఫైలు. ముందు మొజిల్లా సొంత గుర్తు ఎనిమిది బైట్లు తగిలించడం వల్ల మామూలు ఎల్‌జడ్4 పనిముట్లు దాన్ని విప్పలేవు. ఆ ముడి నాకు అనవసరమనిపిస్తుంది. డిఫాల్ట్ ఇంజను దగ్గర వేసిన ముద్ర మాత్రం గడుసుది. ప్రొఫైల్ ఫోల్డర్ పేరు, ఇంజను గుర్తు, వాటికి తోడు 'ఈ ఫైలును బయటి నుంచి మార్చడం దురుద్దేశంతో చేసే పని' అని హెచ్చరించే ఒక పేరా, మూడూ కలిపి హ్యాష్ తీస్తారు. లెక్క కుదరకపోతే డిఫాల్ట్ మొదటికొస్తుంది. మనకు తెలియకుండా సెర్చ్ మార్చేసే దొంగ ప్రోగ్రాములకు వేసిన అడ్డుకట్ట ఇది. అయితే హ్యాష్‌లో కలిసేది ఫోల్డర్ పేరే గాని అది ఉన్న పూర్తి దారి కాదు. కాబట్టి ప్రొఫైల్ ఫోల్డర్‌ను అదే పేరుతో విండోస్ నుంచి లినక్స్‌కు మోసుకెళ్లినా ముద్ర చెడదు.

నా ఓటు మాత్రం వీటన్నిటికన్నా పాత పద్ధతికి. ఫైర్‌ఫాక్స్‌లో ఖాళీ వదిలిన అడ్రసును బుక్‌మార్క్‌గా దాచి దానికో కీవర్డ్ ఇవ్వొచ్చు. బుక్‌మార్కులను హెచ్‌టీఎమ్‌ఎల్‌గా ఎగుమతి చేస్తే ఆ కీవర్డ్ 'షార్ట్‌కట్‌యూఆర్‌ఎల్' అన్న లక్షణంగా లింకు పక్కనే రాసి ఉంటుంది. ఫైలు మొదటి వరసలో ఈనాటికీ నెట్‌స్కేప్ పేరే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి కళ్లతో చదువుకోవచ్చు, తప్పుంటే దిద్దుకోవచ్చు. ఆ ఫైలును క్రోమ్‌కు ఇస్తే, ఆ లక్షణం ఉన్న లింకును క్రోమియం కోడ్ గుర్తుపట్టి, శాతం-ఎస్‌ను తన ఫ్లవర్ బ్రాకెట్లలోకి మార్చి, సెర్చ్ ఇంజన్ల జాబితాలో చేర్చుకుంటుంది. పోటీ కంపెనీ రాసిన చిన్న గుర్తును ఎవరో ఓపిగ్గా చదివి, దానికి తమ ఇంట్లో చోటు చూపించారన్నమాట.

తిరుగు ప్రయాణానికి ఆ మర్యాద లేదు. క్రోమ్ ఎగుమతి చేసే బుక్‌మార్కుల ఫైల్లో సెర్చ్ ఇంజన్లు రావు. అంచేత మన పాచిపెంట కుర్రాడు విండోస్‌లో క్రోమ్ మూసేసి, కీవర్డ్స్ పట్టికలో సున్నా ఉన్న వరసలు బయటికి తీసి, ఒక్కోదాన్ని అదే నెట్‌స్కేప్ పద్ధతిలో లింకుగా చేత్తో రాసుకోవాలి. పాతికైనా కొన్ని కిలోబైట్లు దాటదు. జిల్లా, మండలం, గ్రామం వరసగా ఎంచుకోమనే భూరికార్డుల పేజీలాంటివి మాత్రం ఈ జాబితాలోకి ఎక్కవు. వాటి అడ్రసులో ఖాళీ పెట్టే చోటే ఉండదు.