నెట్టు ఎక్కడ ఆగింది?

“నెట్టు రావట్లేదండి” అంటారు. అంతకుమించి ఇంకేమీ చెప్పరు. రాజోలు దగ్గర నుంచి ఫోన్ చేసే మా పిన్నిదీ అదే మాట, రాజమండ్రి దానవాయిపేట అపార్ట్‌మెంట్లో ఉండే మిత్రుడిదీ అదే మాట. తీరా చూస్తే పిన్నింటికి అసలు లైనే రావట్లేదు. మిత్రుడింట్లో లైను బ్రహ్మాండంగా ఉంది, పడగ్గదిలోకి వైఫై అందట్లేదంతే. రెంటికీ వైద్యం ఒకటే అనుకుని ఇద్దరూ రౌటర్ డబ్బా ఆపి ఆన్ చేస్తూ కూర్చుంటారు. ఇంటి నెట్‌వర్క్ బాగుచేయడంలో సగం పని ఒక్క ప్రశ్నకి జవాబు కనుక్కోవడమే: ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది?

డెల్టా రైతుకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ మనవాళ్ళు చేస్తున్న పనే. శివారు చేనుకి నీరందకపోతే రైతు చేలో నిలబడి తవ్వుకోడు. గట్టెక్కి పైకి నడుస్తాడు. బోదెలో ఉన్నాయా, తూము దగ్గర ఉన్నాయా, కాలువలో ఉన్నాయా అని చూసుకుంటూ పోయి, నీళ్ళు ఎక్కడ ఆగాయో అక్కడ చెయ్యి పెడతాడు. అదే మనిషి ఇంటికొచ్చి రౌటర్ ముందు కూర్చున్నాక మాత్రం ఆ వరస మర్చిపోయి, కనిపించిన ప్రతి వైరూ పీకి చూస్తాడు. ఆ వరస ఇక్కడా పనికొస్తుందనే నేను అందరికీ చెబుతుంటాను.

ఇంటి నెట్టు విషయంలో మన ప్రాంతానికి ఒక గుర్తింపు కూడా ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ఫైబర్ గ్రిడ్ మొదలుపెట్టినప్పుడు ఇంటింటికీ ఫైబర్ ఇచ్చి చూపించడానికి ఎంచుకున్న ఊరు సఖినేటిపల్లి మండలం మోరి. అంతర్వేది దారిలో ఉండే జీడిపప్పు, నేత చీరల ఊరది. 2016 చివర్లో అక్కడ ఇళ్ళకు నెట్టు, టీవీ, ఫోను మూడూ ఒకే తీగ మీద వచ్చాయి. మరుసటి ఏడాది డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఆ పథకం రాష్ట్రమంతటికీ ప్రారంభమైంది. నెలకు 149 రూపాయల ప్యాకేజీ గుర్తుండే ఉంటుంది. ఖర్చు తగ్గించడానికి ఆ తీగను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. ప్రైవేటు కేబుల్ వాళ్ళూ స్తంభాలనే నమ్ముకున్నారు. త్వరగా, చవగ్గా పల్లెకు చేరాలంటే అదే మంచి దారి. కాకపోతే స్తంభాల పక్కన మనకున్నవి కొబ్బరిచెట్లు. గాలివాన వచ్చిందంటే మట్ట విరిగి తీగ మీదే పడుతుంది. ఉడతలు, ఎలుకలు పై తొడుగు కొరికేస్తాయి. అందుకే కోనసీమలో నెట్టు పోతే ముందు చూడాల్సింది మన సెట్టింగులు కాదు, డబ్బా మీది దీపాలు.

పిన్ని మొన్న సంక్రాంతి ముందు ఫోన్ చేసినప్పుడూ దీపాల దగ్గరే మొదలుపెట్టాం.

“పిన్నీ, పాన్ అని రాసి ఉన్న పచ్చదీపం వెలుగుతోందా?”

“లేదురా. దాని పక్కది ఎర్రగా ఆరుతూ వెలుగుతోంది.”

“ఎల్‌ఓఎస్ అని ఉందా దాని కింద?”

“ఆ, అదే.”

అది ఎర్రగా ఉందంటే అవతలి నుంచి రావాల్సిన కాంతి డబ్బాదాకా రావట్లేదని అర్థం. ఇక వైఫై పాస్‌వర్డ్ మార్చినా, ఫోన్ ఆపి ఆన్ చేసినా దండగ. వీధిలో మిగతా ఇళ్ళకు వస్తోందా అని అడిగాను. వస్తోందంది. అయితే తేడా మన ఇంటికొచ్చే తీగలోనే ఎక్కడో ఉండాలి. ఇంట్లో ఈమధ్య ఏమన్నా జరిపారా అంటే, పండక్కి రంగులేయించి బీరువా మళ్ళీ గోడకి నెట్టారట. గోడ మీంచి డబ్బాకొచ్చే సన్న తీగ ఆ బీరువా వెనకే ఉంది. మా తమ్ముడు బీరువాని రెండంగుళాలు ఇవతలికి జరిపాడు. కాసేపటికి పచ్చదీపం నిలబడింది.

ఆ తీగలో ఉండేది 125 మైక్రాన్ల మందం గాజు. అందులోనూ కాంతి నడిచేది మధ్యలో ఉండే తొమ్మిది మైక్రాన్ల దారిలోనే. రాగి తీగని ఎలా మడిచినా కరెంటు పారుతుంది. గాజుని బిగువుగా వంచితే ఆ వంపు దగ్గర కాంతి పక్కకి జారిపోతుంది. తీగ తెగక్కర్లేదు, వంగితే చాలు. అందుకే దాన్ని మడిచి రబ్బర్ బ్యాండ్ వేయకూడదు, మేకుకి బిగించకూడదు. మిగిలిన తీగను అరచేతి వెడల్పు చుట్టగా వదిలెయ్యాలి. దాని చివర ఆకుపచ్చ ప్లగ్గు పీకితే కొసని వేలితో ముట్టుకోకూడదు, కంటికెదురుగా పెట్టి చూడకూడదు. ఆ కాంతి కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు.

దీపాలన్నీ సరిగ్గా ఉన్నాయంటే లైను వచ్చినట్టే. అక్కడి నుంచి వైఫై సంగతి. పాత మండువా ఇళ్ళ గోడలు మందం. కొత్త డాబాలకి ఇనుము నిండిన శ్లాబు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది గానీ అపార్ట్‌మెంట్లలో అందరి డబ్బాలూ అందులోనే అరుస్తుంటాయి. ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్ళు అందులో మూడే: 1, 6, 11. దానవాయిపేట మిత్రుడి రౌటర్‌ని టీవీ వెనక షోకేసులోంచి తీసి హాల్లో ఎత్తున పెట్టి, ఛానెల్ 11కి మార్చాం. పైసా ఖర్చు లేదు.

మేడ మీదికి మాత్రం నేను వైఫైని నమ్మను. తీగ లాగాల్సిందే. క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా నికరంగా పనిచేస్తుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ప్లగ్గు బిగించడం. పై తొడుగు ఒలిచి, జతలు విప్పి, ఎనిమిది తీగలనీ వేళ్ళతో తిన్నగా సాగదీసి వరసలో పేర్చాలి: నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార, నీలం, నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ. కొసలు ఒక్క కోతలో సమానం చేసి ప్లగ్గులోకి దూర్చాక, ముందువైపు నుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలూ కనిపించాలి. పై తొడుగు కూడా ప్లగ్గులోకి వెళ్ళాలి, లేకపోతే నాలుగుసార్లు లాగేసరికి ఊడుతుంది. అప్పుడు క్రింపింగ్ టూల్‌తో గట్టిగా నొక్కాలి. ఇంత చేశాక కంప్యూటర్లో వేగం వెయ్యి బదులు వంద చూపిస్తే ఇంటర్నెట్ కంపెనీని తిట్టకండి. వంద మెగాబిట్లకి నాలుగు తీగలు చాలు, వెయ్యికి ఎనిమిదీ కావాలి. ఆ ఎనిమిదిలో ఏదో ఒకటి అంటుకోలేదన్నమాట. ప్లగ్గు కోసేసి కొత్తది వేస్తే సరి.

మేడ మీద పెట్టే రెండో రౌటర్‌తో ఇంకో చిక్కు. రెండు డబ్బాలూ అడ్రసులు పంచడం మొదలుపెడితే ఫోన్లు ఎవరి మాట వినాలో తెలియక అల్లాడతాయి. రెండోదాన్లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, మొదటిదాని అడ్రసుతో కలవకుండా దానికో నంబరిచ్చి, లాన్ పోర్టు నుంచి లాన్ పోర్టుకే తీగ కలపాలి.

ఇంత తంటా ఎందుకంటారా? 2022 మే నెలలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకి, పక్క ఊళ్ళకి పరుగులు పెట్టారు. నెట్టు ఇప్పుడు ఈ పల్లెల్లో జీతం, చదువు, దూరదేశంలో ఉన్న బిడ్డ ముఖం. దాన్ని తేలిగ్గా తీసుకునే రోజులు పోయాయి.

చెరువుల దగ్గర సీసీ కెమెరాలు పెట్టుకున్న భీమవరం, ఉండి వైపు రైతులకి ప్రత్యేకంగా ఒక మాట. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతటా లక్షల కెమెరాల్లో, రికార్డర్లలో దూరింది. అది తాళం పగలగొట్టి లోపలికి రాలేదు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ ఎవరూ మార్చకపోవడంతో తలుపు తీసుకుని వచ్చింది. దాని దెబ్బకి ఆ అక్టోబరులో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తడబడ్డాయి. మీ చెరువుగట్టు కెమెరా పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉంటే ఇవాళే మార్చండి.

చివరగా, డబ్బా వెనక సూది పట్టేంత రంధ్రం ఒకటుంటుంది. రీసెట్ అని రాసి ఉంటుంది. దాని జోలికి వెళ్ళకండి. కాసేపు నొక్కి పట్టుకుంటే కంపెనీ మనిషి ఎక్కించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, లైను సెట్టింగులు చాలా డబ్బాల్లో చెరిగిపోతాయి. చిన్న తేడా పెద్దదవుతుంది, అతను మళ్ళీ వచ్చేదాకా ఎదురుచూడాలి. కనెక్షన్ యూజర్‌నేమ్, వైఫై పాస్‌వర్డ్, ఫిర్యాదు నంబరు, బాగున్నప్పుడు ఏ దీపం ఏ రంగులో ఉంటుందో ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి. ఊళ్ళో అమ్మానాన్న ఇద్దరే ఉంటే, ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఆ కాగితం పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిపెట్టి రండి.