దిగులు ఎవరి సొత్తు?

కొన్నేళ్ళ కిందట ఒక కథాసంకలనాన్ని సమీక్షిస్తూ, అందులో బీడీలు చుట్టే స్త్రీ నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకోవడాన్ని నేను తప్పుపట్టాను. శ్రామిక స్త్రీకి మధ్యతరగతి నిరాశను అంటగట్టారని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోడానికే ఈ నాలుగు ముక్కలూ.

జింబాబ్వే రచయిత్రి సిత్సి దంగరెంబ్గ నవల ‘నెర్వస్ కండిషన్స్’ 1988లో వచ్చింది. తెల్లవాళ్ళ పాలనలోని రొడీషియాలో న్యాషా అనే అమ్మాయి తిండి మాని, మనసు చెదిరి, చిక్కి శల్యమవుతుంది. ఆఫ్రికన్లకు ఇలాంటి జబ్బు రాదనీ, పిల్ల నాటకమాడుతోందనీ తెల్ల డాక్టరు తేల్చేస్తాడు. అక్కడ నాకు నా సమీక్షే గుర్తొచ్చింది. అతను జాతి పేరుతో అన్నది నేను వర్గం పేరుతో అన్నాను. అదే వర్గదృక్పథమని గర్వపడ్డాను కూడా!

ఆ డాక్టరుకు ఆ దేశం తర్వాత ఆచరణలో జవాబు చెప్పింది. 2005లో అక్కడి ప్రభుత్వం ‘మురంబత్స్వినా’ పేరుతో (చెత్తను తరిమెయ్యడమని అర్థం) పేదల ఇళ్ళనూ దుకాణాలనూ కూల్చింది. ఇల్లో, బతుకుదెరువో, రెండూనో పోగొట్టుకున్నవారు 7 లక్షలని ఐక్యరాజ్యసమితి అంచనా. మరుసటి ఏడు డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు హరారేలోని ఎంబారే పేటలో 14 మంది అవ్వలతో పని మొదలుపెట్టాడు. వైద్యశాల ఆవరణలో ఒక బల్ల వేశారు. ‘మానసిక ఆరోగ్య బల్ల’ అంటే ఎవరూ దగ్గరకు రాలేదు. ‘స్నేహ బల్ల’ అనమన్నది అవ్వలే. డిప్రెషన్ అనే మాట కూడా పక్కకు పోయింది. షోనా జనం వాడే ‘కుఫుంగిసిసా’, అంటే అతిగా ఆలోచించడం, ఆ చోటికి వచ్చింది. వచ్చినావిడ తన కష్టాలన్నీ చెప్పుకుంటుంది. వాటిలో ఒకటి ఎంచుకుని, ఏం చెయ్యగలదో తనే తేల్చుకుంటుంది. 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. మామూలు వైద్యసేవలు పొందినవారికంటే బల్ల మీద కూర్చున్నవారిలో ఆరునెలల తర్వాత దిగులు బాగా తగ్గింది.

దీన్ని సంస్కృతికి తగినట్టు వైద్యాన్ని మలచడం అంటున్నారు. సరే. కానీ ఇది పదం మార్చడం మాత్రమే కాదు. డిప్రెషన్ అన్నాక మందు రాసి పంపెయ్యవచ్చు. అతిగా ఆలోచిస్తున్నానంటే, దేన్ని గురించి అని అడగక తప్పదు. అప్పుడు కూలిన ఇల్లు బయటికొస్తుంది, ఎయిడ్స్ బయటికొస్తుంది, కొట్టే మొగుడు బయటికొస్తాడు. మన తెలంగాణలో ‘రంది’ అలాంటి మాటే. దాన్ని ఎందుకని అడక్కుండా ఎవరూ వదలరు.

బల్ల కూలిన ఇంటిని లేపుతుందా అని మిత్రులు అడుగుతారు. లేపదు. ఓదార్పు కోపాన్ని చల్లారుస్తుందనే భయమూ ఉత్తిది కాదు. అయితే బల్ల దగ్గరకు వచ్చిన ఆడవాళ్ళు తర్వాత గుంపుగా కూడి, పారేసిన ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతూ మాట్లాడుకోవడం కూడా అక్కడే మొదలైంది. ఒంటరి రంది నలుగురి మాటయ్యే ఈ దారిని నా విమర్శ లెక్కలోకే తీసుకోలేదు.

ఆ కథ మళ్ళీ తీశాను. పక్కింటి ముసలమ్మ గంజి తెచ్చి పెట్టి, ఏం రంది పెట్టుకున్నావని ఆమెను అడిగే చోటు ఒకటుంది. దాని పక్కన నా పెన్సిలు రాత: ‘అనవసరం’.