కర్త పీట

"కరెంటు తీసేశారు" అంటాం. ఎవరు తీశారని ఎవరూ అడగరు. "రోడ్డు తవ్వేశారు", "ఛార్జీలు పెంచారు", "ఆ బావి నీళ్లు తియ్యగా ఉంటాయంటారు" అన్నప్పుడూ అంతే. పని చేసిన మనిషి వాక్యంలో ఎక్కడా కనిపించడు. క్రియ చివర ఒక్క 'రు' ఉంటుంది, దానితోనే పని జరిగిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. "దే హావ్ కట్ ద పవర్" అనాలి, ముందు 'దే' రావాలి. కర్త పీట ఖాళీగా ఉంటే ఇంగ్లీషు వాక్యం ఊరుకోదు. కూర్చోవడానికి మనిషి దొరక్కపోతే ఓ సర్వనామాన్ని తెచ్చి కూర్చోబెడుతుంది. ఇట్, దే, యు, వన్: ఈ నాలుగూ అందుకు సిద్ధంగా ఉంటాయి.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రాయడమే నా పని. ఇన్నేళ్ల పనిలో నాకు స్థిరపడిన నమ్మకం ఒకటుంది. ఆ పీట మీద ఏ సర్వనామం కూర్చుందో చూస్తే, మాట్లాడే మనిషి ఆ విషయానికి ఎంత దగ్గరగా, ఎంత దూరంగా నిలబడ్డాడో తెలుస్తుంది. వ్యాకరణ పుస్తకాలు వాడుకలను వరుసగా చెబుతాయి గానీ ఈ దూరాన్ని చెప్పవు. అది చెవికి పట్టాల్సిందే.

'ఇట్' సంగతి తేలిక. "ఇట్ ఈజ్ రైనింగ్" అన్నప్పుడు ఆ 'ఇట్' ఆకాశం కాదు, మబ్బూ కాదు. మనకు వానే పడుతుంది, చీకటే పడుతుంది. "చలిగా ఉంది" అనే వాక్యంలో అసలు కర్తే లేదు, అయినా ఆ లోటు మనకు తెలియదు. ఇటాలియన్‌లో వాన పడుతోందనడానికి 'పియోవే' అన్న ఒక్క క్రియ చాలు. ఇంగ్లీషుకు చాలదు. ప్రతి వాక్యానికీ కర్త ఉండి తీరాలన్న ఈ పట్టుదలను 1980ల మొదట్లో నోమ్ చామ్‌స్కీ తన సిద్ధాంతంలో ఓ సూత్రంగానే చేర్చాడు.

ఇంగ్లీషు మొదటి నుంచీ ఇలా లేదు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి ఇదే. పాత ఇంగ్లీషులో ఆకలి, తోచడం, నచ్చడం లాంటివి మనిషి చేసే పనులు కావు, మనిషికి జరిగేవి. 'మిథింక్స్' అనే మాట షేక్‌స్పియర్ పాత్రల నోట ఇంకా వినిపిస్తుంది. అది అచ్చంగా మన "నాకు తోస్తోంది". 'లైక్' అనే క్రియ కూడా ఒకప్పుడు నచ్చడమే, వస్తువు మనిషికి నచ్చేది. కాలక్రమంలో మనిషి కర్త స్థానంలోకి వచ్చి "ఐ లైక్" అనడం మొదలుపెట్టాడు. మనం మాత్రం ఇప్పటికీ "నాకు ఆకలేస్తోంది", "నాకు గుర్తుంది", "నాకు తెలుగు వచ్చు" అంటున్నాం. మన పిల్లలకు ఇంగ్లీషు నేర్పేటప్పుడు ఈ సంగతి చెప్పరెందుకో. చెబితే ఆ భాష అంత పరాయిగా అనిపించదు.

పాత ఇంగ్లీషుకు జర్మన్‌లో ఉన్నట్టే 'మాన్' అనే సర్వనామం ఉండేది. ఎవరైనా సరే, ఏ మనిషైనా సరే అని దాని అర్థం. ఫ్రెంచివాళ్ల 'ఆఁ' కూడా మనిషి అనే లాటిన్ మాట నుంచే పుట్టింది. 15వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో 'మాన్' కనుమరుగైంది. ఆ ఖాళీని వన్, యు, దే పంచుకున్నాయి. పంచుకున్నా మూడూ ఒకటి కాలేదు.

'వన్' దూరంగా నిలబడుతుంది. మన బడి వ్యాసాల్లో "వన్ షుడ్ రెస్పెక్ట్ వన్స్ ఎల్డర్స్" అని రాయించేవారు. రోజువారీ మాటల్లో ఇప్పుడది బిగుసుకుపోయినట్టు వినిపిస్తుంది. 'దే' వేరు. మాట్లాడేవాడు ఆ గుంపులో లేడని చెబుతుంది. "దే సే" అనగానే ఆ మాట నాది కాదు అని పక్కకు జరిగినట్టే. దీనికి మన దగ్గర ఒక్క అక్షరం ఉంది: "వస్తాడట", "అమ్మేశారట". పాత పత్రికల్లో ఇదే పనికి 'భోగట్టా' ఉండేది. ఇప్పుడు 'సమాచారం', 'తెలిసింది' వచ్చాయి.

కష్టమంతా 'యు' దగ్గర ఉంది. దగ్గరివాళ్లను పోగొట్టుకున్న మనిషి ఇంగ్లీషులో "యు థింక్ దే విల్ ఆల్వేస్ బి దేర్" అంటాడు. ఆ 'యు' ఎదురుగా కూర్చున్నవాళ్లు కాదు. తన బాధను తనొక్కడిదే కాకుండా మనుషులందరిదీ చేసుకుంటున్నాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరియానా ఓర్వెల్, ఈథన్ క్రాస్, సూసన్ గెల్మన్ దీన్ని పరిశోధించి 2017లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. చేదు అనుభవంలో అర్థం వెతుక్కుంటూ రాసినప్పుడు, జరిగింది జరిగినట్టు రాసినప్పటి కంటే జనం ఈ 'యు'ను ఎక్కువగా వాడారని వాళ్లు చూపించారు. ఆ వాక్యాన్ని "వాళ్లు ఎప్పటికీ ఉంటారని మీరు అనుకుంటారు" అని తెలుగు చేస్తే ఏమవుతుంది? దుఃఖంలో ఉన్న మనిషి ఎదుటివాళ్లను తప్పుపట్టినట్టవుతుంది. "ఎప్పటికీ ఉంటారనుకుంటాం" అంటే చాలు. మేము, మనం అనే తేడా ఇంగ్లీషు 'వి'కి లేదు, మనకు ఉంది. ఇలాంటి చోట 'అనుకుంటాం' అన్నప్పుడు వినపడేది 'మనం'. వినేవాళ్లు కూడా అందులోకి వచ్చేస్తారు.

ఇంత మంచి సాధనం చేతిలో ఉండగా, వ్యక్తిత్వ వికాస పుస్తకాల అనువాదాల్లో, వంట వీడియోల్లో "మీరు నిద్ర లేవగానే మీరు మీ ఫోన్ చూస్తారు" లాంటి వాక్యాలు కుప్పలుగా వచ్చిపడుతున్నాయి. చదువుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. "నిద్ర లేవగానే ఫోన్ చూస్తాం" అనే మాట ఎక్కడికి పోయింది? "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్న మన సామెతలో మీరూ లేరు, నేనూ లేను. అందుకే అది అందరికీ తగులుతుంది.

ఇటు నుంచి అటు వెళ్లేటప్పుడూ చిక్కులున్నాయి. "వచ్చింది మా తమ్ముడే" అనాలనుకుని "మై బ్రదర్ ఓన్లీ కేమ్" అంటాం. మన 'ఏ'కి ఇంగ్లీషులో చోటు వెతికితే 'ఓన్లీ' దొరికింది. ఇంగ్లీషువాళ్లకు అక్కడా 'ఇట్' కావాలి: "ఇట్ వాజ్ మై బ్రదర్ హు కేమ్". మన వాక్యంలో 'వచ్చింది' ఎక్కడుందో వాళ్ల వాక్యంలో 'ఇట్' అక్కడుంది. ఇది ఒక్కసారి చూపిస్తే పిల్లలు పట్టేస్తారు.

ఆఫీసు కాగితాల్లో 'ఇట్' అంత అమాయకంగా ఉండదు. "ఇట్ హాజ్ బీన్ డిసైడెడ్" అని ఉత్తరం వస్తుంది. నిర్ణయించిందెవరో అందులో ఉండదు. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక పాలనలోకి తెలుగు వచ్చింది గానీ, దానితోపాటే "నిర్ణయించడమైనది", "తిరస్కరించడమైనది", "ఇందుమూలముగా తెలియజేయడమైనది" కూడా వచ్చాయి. ఇంట్లో ఎవరూ "అన్నం వండడమైనది" అనరు. రైల్వే స్టేషన్‌లో ఇంగ్లీషు ప్రకటన అసౌకర్యానికి విచారం వ్యక్తమైందంటుంది, విచారించే మనిషి మాత్రం లేడు. తెలుగులో వచ్చేసరికి "చింతిస్తున్నాం" అవుతుంది, ఆ చివరి 'ం'లో ఒకరున్నారు. ఆలస్యానికి అది తక్కువే కావచ్చు. అయినా ఆ తెలుగు వాక్యమే నాకు మర్యాదగా వినిపిస్తుంది.

దరఖాస్తు పెట్టుకున్న మనిషికి ఈ తేడా చాలా పెద్దది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, సమాచారం ఇవ్వబోమని చెప్పే అధికారి కారణం రాయాలి, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చో, ఎవరికి చేసుకోవాలో కూడా రాయాలి. మిగతా ఆఫీసు ఉత్తరాలకూ ఇదే పద్ధతి ఉంటే బాగుండేది. ఇరుగుపొరుగువాళ్లు ఇంగ్లీషు ఉత్తరం తెచ్చి చదివి చెప్పమంటే నేను ముందు కింద సంతకం, హోదా చూస్తాను. "తిరస్కరించడమైనది" అనే మాట జోలికి పోకుండా, ఆ హోదాతోనే మొదలుపెట్టి "ఫలానా అధికారి మీ దరఖాస్తు కాదన్నారు" అని చెబుతాను. అప్పుడు వాళ్లు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకోరు. ఆయన ఆఫీసు ఎక్కడ, ఏ రోజుల్లో ఉంటారని అడుగుతారు.