టైరు వేడిని చదివే విద్య

హోసూరు, కృష్ణగిరి దాటి చెన్నైకి సాగే దారిలో, శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టై వద్ద, మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారి 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది. షోలవరంలోని పాత విమాన రన్‌వే మీద దశాబ్దాల పాటు సాగిన పందేలకు 1990లో ఈ ట్రాక్ వారసురాలయింది. దక్షిణాది రేసింగ్‌లో తరతరాలుగా చేతులు మారుతూ వచ్చిన నైపుణ్యాలలో ప్రేక్షకుల కంట అంతగా పడనిదీ, అన్నిటికన్నా ఎక్కువ ఓర్పు కోరేదీ టైరు వేడిని చూసి కారును సరిదిద్దే విద్య.

రబ్బరు వంగి మళ్లీ యథాస్థితికి వచ్చేటప్పుడు తాను గ్రహించిన శక్తినంతా తిరిగి ఇవ్వదు. మిగిలినది వేడిగా మారి టైరు లోపలి పొరలలో నెమ్మదిగా నిలువ చేరుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వంపు దగ్గర వేడెక్కడం వంటిదే ఇది. దీనికి తోడు, మలుపు తిరిగేటప్పుడు టైరు రోడ్డు మీద కొద్దికొద్దిగా జారుతుంది గనుక, ఆ రాపిడికి పైపొర క్షణాల్లో వేడెక్కి, నిటారు దారిలో గాలి తగలగానే అంతే వేగంగా చల్లారుతుంది. గాట్లు లేని నున్నని రేసింగ్ టైర్లు, అంటే స్లిక్కులు, రబ్బరు మిశ్రమాన్ని బట్టి సుమారు 80 నుంచి 110 డిగ్రీల మధ్య గట్టి పట్టునిస్తాయి. అంతకు తగ్గితే రబ్బరు బిరుసెక్కి జారుతుంది, మించితే మెత్తబడి పొక్కులు లేస్తుంది.

కారు పిట్‌లోకి వచ్చీ రాగానే మెకానిక్ సూదిమొన గల పైరోమీటర్‌ను రబ్బరులోకి గుచ్చి, ప్రతి టైరుకూ లోపలి అంచు, నడుమ, బయటి అంచు చొప్పున మొత్తం 12 అంకెలు రాసుకుంటాడు. సూదే ఎందుకంటే, దూరం నుంచి కొలిచే పరికరానికి అప్పటికే చల్లారుతున్న పైపొర మాత్రమే కనిపిస్తుంది. మలుపులో కారు ఒరిగినప్పుడు చక్రం కూడా బయటికి వాలుతుంది కాబట్టి, దాని పైభాగాన్ని ముందే కాస్త లోపలికి వాల్చి బిగిస్తారు. దీనినే నెగెటివ్ క్యాంబర్ అంటారు. ఈ వాలు వల్ల లోపలి అంచు కొద్దిగా ఎక్కువ వేడెక్కడం సహజమే గాని, ఒక టైరు లోపల 100, నడుమ 91, బయట 80 డిగ్రీలు చూపిందంటే వాలు మితిమీరిందనీ, బయటి రబ్బరు పనిలేక కూర్చుందనీ అర్థం. నడుమ భాగం రెండంచుల కన్నా వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టు, చల్లగా ఉంటే తక్కువైనట్టు. ఈ గాలి లెక్క కొత్తవారిని తరచూ బోల్తా కొట్టిస్తుంది: 30 డిగ్రీల వద్ద 20 పీఎస్‌ఐ నింపిన టైరులో గాలి 90 డిగ్రీలకు చేరేసరికి ఒత్తిడి దాదాపు 27 అవుతుంది గనుక, చల్లని టైరులో నింపే గాలిని వేడెక్కాక కావలసిన ఒత్తిడి నుంచి వెనక్కి లెక్కగట్టి నిర్ణయించాలి. సెన్సార్లు క్షణక్షణం వేడిని చూపే జట్లలో సైతం, కారణాన్నీ ఫలితాన్నీ పక్కపక్కన నిలిపే ఈ 12 అంకెల చిన్న పట్టికకు సాటి వచ్చే గురువు లేడు.

వేడి టైరులో కనిపించినా దాని మూలం తరచూ కారు నిర్మాణంలో ఉంటుంది. మలుపులో కారు ఒరుగుడును అదుపు చేసే కడ్డీని, అంటే యాంటీ రోల్ బార్‌ను, ముందువైపు బిరుసు చేస్తే ముందరి బయటి చక్రం మీద భారం పెరిగి ఆ టైరే ముందుగా మండుతుంది. నిటారు దారిలో వేగం కోసం రెక్కను వాల్చి, గాలి కారును నేలకు అదిమే బలాన్ని, అనగా డౌన్‌ఫోర్స్‌ను, తగ్గిస్తే టైరుపై బరువు తగ్గుతుంది గాని జారుడు పెరిగి పైపొర మరింత కాగుతుంది. బరువు తగ్గితే వేడీ తగ్గుతుందనుకునే వారికి ఇది మింగుడు పడదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెం ఈ విద్యకు మరో కోణం చూపింది. ఆ ఎలక్ట్రిక్ కార్లకు హాంకూక్ సంస్థ ఇచ్చినవి ఎండకూ వానకూ పనికివచ్చే గాట్ల టైర్లు; ముందుగా వేడిచేసే దుప్పట్లు వాడే వీలు లేదు. పైగా వెనుక చక్రాలను మామూలుగా ఆపేది మోటారే కాబట్టి, బ్రేకు డిస్కు నుంచి రిమ్ములోకి, రిమ్ము నుంచి టైరులోకి పాకే వేడి వెనుకవైపు దాదాపు లేనట్టే. అందువల్ల వెనుక టైర్లకు కావలసిన వేడంతా చక్రాన్ని తిప్పే, ఆపే బలాల నుంచీ మలుపుల భారం నుంచీ రావలసిందే. ముందు టైర్లు సిద్ధమైనా వెనుకవి ఇంకా చల్లగా ఉన్న ఆ తొలి ల్యాపుల్లో కారు తోక విసరకుండా చూసుకోవడమే అక్కడి ఇంజినీర్లకు పెద్ద పని.