పద్దెనిమిది వేల గడి

ప్రభుత్వ నివేదికల్లో పనితనం కోసం వెతికేవాళ్లు అరుదు. జస్టిస్ అశోక్ కుమార్ మాథుర్ అధ్యక్షతన ఏడో కేంద్ర వేతన సంఘం 2015 నవంబరులో ఇచ్చిన నివేదికలో మాత్రం, తీరిగ్గా చూడదగ్గ పట్టిక ఒకటుంది. దాని పేరు పే మ్యాట్రిక్స్. 2016 జనవరి 1 నుంచి కేంద్ర ఉద్యోగుల జీతాలన్నీ అందులోవే.

అంతకుముందు పే బ్యాండ్లు, వాటిమీద గ్రేడ్ పేలు. పదేళ్ల తర్వాత తన బేసిక్ ఎంతవుతుందో తెలియాలంటే లెక్కలొచ్చిన సహోద్యోగిని పట్టుకోవాల్సిందే. ఇప్పుడు అడ్డంగా హోదా, అంటే లెవల్; నిలువుగా సర్వీసు. 18,000, 18,500, 19,100, 19,700... ఏటా 3 శాతం, దగ్గరి వందకు సర్ది. ప్రమోషన్ సూత్రం మరీ ముచ్చటైనది. ఒకటో లెవల్లో 21,500 దగ్గరున్న మనిషికి ముందు ఒక ఇంక్రిమెంటు కలిపి 22,100 చేస్తారు. రెండో లెవల్లో ఆ అంకె లేదు కాబట్టి దానికి పైనున్న 22,400లో కూర్చోబెడతారు. పాములు లేని వైకుంఠపాళి ఇది.

అసలు నేర్పు మాత్రం ఆ మొట్టమొదటి గడిలో ఉంది. 18,000 ఎవరో బేరమాడి తేల్చిన అంకె కాదు. 1957 నాటి 15వ భారత కార్మిక మహాసభ కొలత పెట్టింది: భర్త 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6, వెరసి మూడు వినియోగ యూనిట్లు. (భార్యకు రెండు పాళ్లు ఎందుకు తగ్గాయో నేటి ఇల్లాలు అడిగితే జవాబు చెప్పడం కష్టమే.) యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీలన్నది డాక్టర్ అక్రాయిడ్ లెక్క. ఆయన కూనూరులో నడిపిన పరిశోధనశాలే తర్వాత హైదరాబాద్‌కు వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. వేతన సంఘం ఆ కొలతనే పట్టుకుని బియ్యమో గోధుమలో యూనిట్‌కు రోజుకు 475 గ్రాములు, పప్పు 80 గ్రాములు, పాలు 200 మిల్లీలీటర్లు అని రాసుకుంది. నెలకు గుడ్డ 5.5 మీటర్లు. పాత సూత్రంలోని ఏడాదికి 72 గజాలను మీటర్లలోకి మార్చి పన్నెండుతో భాగిస్తే వచ్చేది అదే. వంటచెరకు, కరెంటు, పెళ్లిళ్లు, పండగలు, నైపుణ్యం, ఇంటద్దె ఒక్కొక్కటే కలిపి 18,000 దగ్గర ఆపారు.

పాత బేసిక్‌ను గుణించి కొత్త బేసిక్ తేల్చే, పేరుమోసిన 2.57 ఫిట్‌మెంట్ పుట్టింది ఇక్కడే. పాత కనీసం 7,000తో 18,000ను భాగించి చూడండి. అందులో 2.25 వంతు అప్పటికే అందుతున్న బేసిక్, 125 శాతం డీఏలే. అసలు పెరిగింది 14 శాతం పైచిలుకు. మన రెండు రాష్ట్రాలు ఈ పట్టిక జోలికి పోలేదు. ఇక్కడ వేతన సవరణ సంఘం (పీఆర్సీ) అంటే మాస్టర్ స్కేలు, ఫిట్‌మెంట్ శాతం: తెలంగాణలో 2021లో 30, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 23.

ఇంత శ్రద్ధగా కట్టిన గడి బయటి కూలి మార్కెట్‌కు మాత్రం చాలా ఎత్తున ఉంది. సంఘం దాన్ని దాచకపోవడం నాకు నచ్చింది. అహ్మదాబాద్ ఐఐఎం చేత పోలిక చేయించి ఫలితాన్ని నివేదికలోనే అచ్చువేసింది. సవరణకు ముందే ప్రభుత్వ హెల్పర్‌కు అన్నీ కలిపి 22,579 రూపాయలు వస్తుంటే, సర్వే చేసిన ప్రైవేటు సంస్థల్లో 8,000 నుంచి 9,500. కడుపు నిండే లెక్క కట్టినందుకు ఈ గడిని తప్పుపట్టలేం. అదే లెక్క బయట ఎవరూ కట్టకపోవడంతో గడి ముందు క్యూ పెరిగింది. 2018లో రైల్వే ఒకటో లెవల్లో 60 వేల పైచిలుకు పోస్టులకు పిలిస్తే కోటిన్నరకు మించి దరఖాస్తులొచ్చాయి. డిగ్రీ చేతికొచ్చాక ఏళ్లకేళ్లు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే కుర్రాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లోనూ అవనిగడ్డలోనూ కనిపిస్తారు.

కార్యాలయాలు కూడా ఈ గడిని తప్పించుకునే దారి కనిపెట్టాయి. ఊడ్చే పని, కాపలా పని ఏజెన్సీలకు పోయాయి. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగికి ఆ స్కేలులోని కనీస వేతనమైనా ఇవ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏజెన్సీ కాగితం మీద పనిచేసేవాడు మాత్రం ముందు తన యజమాని ఎవరో తేల్చుకోవాలి.